మూలమునకు పోవు దారి

సాఫ్ట్‌వేర్ ఉద్యోగము చేయు పిల్లలు గల ఇండ్లలో పెద్దలు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "మావాడు పొద్దున్న కూర్చుంటే రాత్రిదాకా ఆ తెర ముందునుంచి లేవడు. గంటకు నాలుగు ముక్కలు టైపు చేసినట్టు కూడా కనిపించదు. ఇంతకూ వాడు చేసే పనేమిటండీ?" అని. ఈ ప్రశ్నలో కొంత వేళాకోళము, కొంత బెంగ, రెండును ఉన్నవి. దీనికి సమాధానము చెప్పుటయే ఈనాటి మా ప్రసంగమునకు ఉద్దేశము.

సమాధానము ఒక్క మాటలో చెప్పవచ్చును. అతడు వ్రాయుట లేదు, చదువుచున్నాడు. అందులోను తాను వ్రాసినదానిని కాదు, ఇతరులు వ్రాసినదానిని. అతని యెదుటనున్న వాక్యములో ఒక పేరు కనబడినది. ఆ పేరునకు అర్థము మరియొక పుటలో ఉన్నది. ఆ పుట మరియొక ప్రాజెక్టులో ఉన్నది. ఆ ప్రాజెక్టును ఏ దేశములోనో, అతడు ఎన్నడును ముఖము చూడని వారెవరో వ్రాసినారు. అక్కడికి పోవు దారి ఏది? పోయిన పిమ్మట, అది నిజముగా తాను వెదకుచున్న చోటే యని తెలియుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలతోనే అతని దినములో చాల భాగము గడచును. మొదటి ప్రశ్నకు యంత్రము ఎంతో సాయము చేయును. రెండవదానికి మాత్రము మనుష్యుడే పూనుకొనవలెను. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ రెండవ ప్రశ్నను గురించియే.

ముందుగా కొన్ని మాటలకు అర్థము చెప్పుకొందము. కంప్యూటరు చేయవలసిన పనిని మనుష్యులు చదువగల భాషలో వ్రాసిన పాఠమునకు సోర్సు కోడ్ అని పేరు. మనము దానిని మూలపాఠమని పిలుచుకొందము. ఈ మూలపాఠమును కంపైలరు అను సాధనము యంత్రమునకు అర్థమగు రూపములోనికి మార్చును. మారిన పిమ్మట అది మనుష్యులు చదువుటకు అనువుగా ఉండదు. వడ్లు దంపి బియ్యము చేసి, బియ్యము విసరి పిండి చేసిన తరువాత, ఆ పిండిని చూచి అవి ఏ చేని వడ్లో చెప్పుట ఎంత కష్టమో, యంత్రరూపమును చూచి మూలపాఠమును గ్రహించుటయు అంత కష్టము. ఒక పని నిమిత్తము వ్రాసిన మూలపాఠముల సముదాయమును ప్రాజెక్టు అందురు. ఒక ప్రాజెక్టు తన పనికై మరియొక ప్రాజెక్టు నుండి తెచ్చుకొను సిద్ధవస్తువును లైబ్రరీ అందురు.

ఒక పాల సహకార సంఘమునకు లెక్కల ప్రోగ్రాము కావలసి వచ్చినదనుకొందము. దానిని వ్రాయువాడు తేదీలు లెక్కించుట, పైసలతో సహా సొమ్ము కూడుట, ఖాతాలు భద్రపరచుట, రసీదులు అచ్చునకు సిద్ధము చేయుట మొదలగు పనులన్నిటిని తానే మొదటినుండి వ్రాయడు. అందులకు తగిన లైబ్రరీలను తెచ్చుకొనును. ఆ లైబ్రరీలు మరి కొన్నిటిపై ఆధారపడియుండును. అవి ఇంకను కొన్నిటిపై. పెండ్లికి మనము పిలిచినది పది కుటుంబములనే యైనను, వారి వెంట వారి చుట్టములును వచ్చి పంక్తి నిండినట్లు, అతడు కోరి తెచ్చుకొన్నవి పదియైనచో, వాని వెంట వచ్చినవి వందకు మించవచ్చును. ఆ వందలో అనేకముల పేరులైన అతడు విని యుండడు.

ఈ ఆధారపడుట ఎంత దూరము పోగలదో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. 2016వ సంవత్సరము మార్చి నెలలో, ఎన్.పి.ఎం. అను లైబ్రరీల గిడ్డంగి నుండి ఒక రచయిత తన వస్తువులను ఉపసంహరించుకొనెను. వానిలో లెఫ్ట్‌ప్యాడ్ అనునది ఒకటి. దాని మూలపాఠము 11 పంక్తులు మాత్రమే. ఒక మాటకు ఎడమవైపున ఖాళీలనో సున్నలనో చేర్చి కోరినంత పొడవునకు తెచ్చుటయే దాని పని. ఆ 11 పంక్తులు కానరాకపోవుటచే, పెద్ద పెద్ద సంస్థలవారి ప్రాజెక్టులు సైతము కట్టుబడి కాక నిలిచిపోయినవి. కొద్ది గంటలలోనే దానిని తిరిగి చేర్చినారు. కాని తాము దేనిపై నిలిచియున్నారో తమకే తెలియదను సంగతి ఆనాడు అనేకులకు తెలిసివచ్చినది.

ఇక దారి వెదకుట యన నేమో చూతము. మనలో భూమి కొన్నవారికి ఇది కొత్త విషయము కాదు. ఒక స్థలము కొనదలచినప్పుడు, అమ్మువాడు చూపిన దస్తావేజు ఒక్కటి చూచి సొమ్ము ఇచ్చివేయము. అతనికి ఆ స్థలము ఎవరివలన వచ్చినది, వారికి ఎవరివలన వచ్చినది అని లింకు దస్తావేజులను ఒకదాని వెనుక ఒకటిగా వెదకుదుము. ప్రతి దస్తావేజులోను దానికి ముందరి దస్తావేజు నంబరు, సంవత్సరము ఉండును. ఆ నంబరు పట్టుకొని సబ్ రిజిస్ట్రారు కచేరీకి పోయి నకలు తీయింతుము. మూలపాఠములోని ఒక పేరు అట్టి నంబరు వంటిదే. ఆ పేరును ఎక్కడ నిర్వచించినారో అక్కడికి పోవలెను. అక్కడ మరియొక పేరు కనబడును. మరల అక్కడినుండి ముందునకు పోవలెను.

పూర్వము ఈ పని అంతయు కంటితోనే చేయవలసి యుండెను. 1970ల చివర, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున వెలువడిన యూనిక్స్‌లో, కెన్ ఆర్నల్డ్ వ్రాసిన సీటాగ్స్ అను చిన్న ప్రోగ్రాము ఒకటి వచ్చినది. అది మూలపాఠమంతయు ఒకసారి పరిశీలించి, ఒక పట్టిక తయారు చేయును. పట్టికలో ఒక్కొక్క వరుసకు మూడు అంశములు: పేరు, ఆ పేరు ఉన్న ఫైలు, ఆ ఫైలులో దానిని పట్టుకొనుటకు గుర్తు. పుస్తకము చివర అకారాదిగా ఇచ్చు సూచిక వంటిదే ఇది. వీఐ అను ఎడిటరులో పేరు మీద కర్సరు నుంచి మీట నొక్కినచో, ఆ సూచికను చూచి తిన్నగా అక్కడికి కొనిపోవును. మరియొక మీట నొక్కినచో బయలుదేరిన చోటికి తిరిగి తెచ్చును. తరువాత బెల్ ప్రయోగశాలలలో జో స్టెఫెన్ వ్రాసిన సీస్కోప్ ఇంకొక అడుగు ముందునకు వేసినది. ఈ పేరు ఎక్కడ పుట్టినది అను ప్రశ్నకే కాక, దీనిని ఎవరెవరు పిలుచుచున్నారు, ఇది ఎవరెవరిని పిలుచుచున్నది అను ప్రశ్నలకును అది జవాబు చెప్పును.

2001లో ఎక్లిప్స్, ఇంటెలిజె వంటి సాధనములు వచ్చినవి. ఇవి వట్టి పేరులను పోల్చుకొనుటతో ఊరకుండక, భాషయొక్క వ్యాకరణమును సైతము గ్రహించినవి. "రాముడు" అను పేరు గలవారు ఊరిలో పదిమంది యున్నను, ఈ వాక్యములోని రాముడు ఎవరో సందర్భమును బట్టి తేల్చగల శక్తి వీనికి వచ్చినది. అయితే ఒక్కొక్క ఎడిటరువారును ఒక్కొక్క భాషకును ఈ విద్యను వేరువేరుగా నేర్పవలసి యుండెను. పది ఎడిటరులు, పది భాషలు ఉన్నచో నూరు పర్యాయములు ఒకే శ్రమ. 2016వ సంవత్సరము జూన్ నెలలో మైక్రోసాఫ్ట్, రెడ్‌హ్యాట్, కోడెన్వీ సంస్థలు కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అను ఒడంబడికను ప్రకటించినవి. "ఈ ఫైలులో, ఈ పంక్తిలో, ఈ అక్షరము వద్ద నున్న పేరునకు నిర్వచనమెక్కడ?" అని ఎడిటరు అడుగును, ఆ భాష తెలిసిన సర్వరు జవాబిచ్చును. అడుగు పద్ధతియు, చెప్పు పద్ధతియు అందరికి ఒకటే. నూరు పర్యాయములు పడవలసిన శ్రమ ఇరువదికి తగ్గినది.

ఇంతవరకు చెప్పినది ఒక ప్రాజెక్టు ఆవరణలోని సంగతి. చిక్కు వచ్చునది ఆ ప్రహరీ దాటునప్పుడు.

జావా భాషలో వ్రాసిన ప్రాజెక్టునే తీసికొందము. అది తెచ్చుకొను లైబ్రరీలు జార్ అను మూటలలో వచ్చును. ఆ మూటలో సాధారణముగా ఉండునది యంత్రమునకు సిద్ధపరచిన రూపము, మూలపాఠము కాదు. మన ప్రాజెక్టులోని పేరు పట్టుకొని పోయి పోయి ఆ మూట వద్దకు చేరుసరికి, ఎక్లిప్స్ "మూలపాఠము దొరకలేదు, ఎక్కడున్నదో చూపుడు" అని ఒక పలకను తెర మీద నిలుపును. అప్పుడు చేయదగినవి మూడు కలవు.

మొదటిది, లైబ్రరీతోపాటు దాని కర్తలు ప్రకటించిన మూలపాఠపు మూటను తెచ్చి దీనికి జతచేయుట. మేవెన్ సెంట్రల్ అను గిడ్డంగిలో వస్తువు ఉంచదలచినవారు మూలపాఠపు మూటను కూడ సమర్పింపవలెనని నియమము కలదు. కనుక అక్కడినుండి తెచ్చుకొన్నవానికి ఇది సుళువు. రెండవది, యంత్రరూపమును వెనుకకు త్రిప్పి మూలపాఠము వంటిదానిని పుట్టించుట. దీనికి డీకంపైలరు అని పేరు. పని జరుగును గాని, కర్త వ్రాసికొన్న వ్యాఖ్యలు పోవును. లోపలి పేరులు కూడ తరచుగా పోవును. "ఇక్కడ ఇట్లు ఏల చేసితిమనగా" అని కర్త చెప్పుకొన్న కారణమే మనకు కావలసినది, అదియే దొరకదు. మూడవది, ఆ లైబ్రరీ ప్రాజెక్టునే తెచ్చి మన ప్రాజెక్టు ప్రక్కన తెరచి ఉంచుకొనుట. అప్పుడు సాధనము మూట వద్దకు పోక, ప్రక్కనున్న తెరచిన ప్రాజెక్టులోనికే తిన్నగా కొనిపోవును. చదువుటయే కాదు, దిద్దవచ్చును కూడ. రెండు ప్రాజెక్టులకు మధ్య గోడ ఉన్నట్లే తోచదు.

ఈ మూడవ పద్ధతి మిక్కిలి హాయియైనది. మేము మోసపోయినది అందులోనే.

ఇందాక పాల సంఘము లెక్కలని చెప్పితిమి. అది ఊహించి చెప్పినది కాదు. కొన్నియేండ్ల క్రిందట మేము అట్టి ప్రోగ్రామునే చూచుచుంటిమి. నెలాఖరు మొత్తములో కొద్ది పైసలు తేడా వచ్చుచుండెను. అర పైస వచ్చినచోట పైకి సవరింపవలెనా, దగ్గరి సరిసంఖ్యకు సవరింపవలెనా అను నియమములో ఏదో పొరపాటు. పేరు పట్టుకొని మీట నొక్కితిమి. సవరించు లైబ్రరీలోని పంక్తులు తెర మీదికి వచ్చినవి. చదివితిమి. అవి నిర్దుష్టముగా ఉన్నవి. కనుక దోషము మాదేనని నిశ్చయించుకొంటిమి. మూడు దినములు మా కోడ్‌ను వెదకితిమి; బాగుగానున్న భాగములను సైతము త్రవ్వి తిరుగవ్రాసితిమి. అవతల ఆ సంఘములోని గుమాస్తా, తన కూడికయే తప్పేమోనని, రాత్రులు దీపము పెట్టుకొని నెల లెక్కయంతయు చేతితో కూడుకొనెనని తరువాత వింటిమి. కొద్ది పైసలే, కాని లెక్క అప్పగింపవలసినవాడు అతడు.

మూడవ దినము సాయంకాలము, పరీక్షకై ఉంచిన యంత్రమునకు డీబగ్గరు తగిలించి, నడచుచున్న ప్రోగ్రామును ఒక్కొక్క పంక్తి వద్ద ఆపి చూచుచుంటిమి. మాతో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె వెనుక నిలుచుండి చూచుచుండెను. ఉండి ఉండి ఆమె, "సార్, అది ఆగిన చోట ఖాళీ లైనుంది. ఖాళీ లైను మీద ప్రోగ్రాం ఎలా ఆగుతుందండీ?" అనెను.

మేము ఆ ఖాళీ పంక్తిని ఆ మూడు దినములలో పలుమారులు చూచితిమి. చూచియు, సాధనము కొంచెము తడబడుచున్నదని సరిపెట్టుకొంటిమి. నిజమేమనగా, మా తెర మీద తెరచియున్న లైబ్రరీ ప్రాజెక్టు కొత్త కూర్పు. దోషమును దిద్దిన తరువాతిది. అక్కడ నడచుచున్నది పాత కూర్పు. మేము కొత్తదానినే అడిగి యుంటిమి. కాని మా ప్రాజెక్టును కూర్చు సాధనమైన మేవెన్, ఒకే లైబ్రరీ రెండు కూర్పులను రెండు దారులవారు అడిగినప్పుడు, దగ్గరి దారిలో ఉన్నదానిని గ్రహించును. అక్కడ కూర్చిన ప్రాజెక్టులో మరియొక లైబ్రరీ అడిగిన పాత కూర్పు దగ్గరి దారిలో ఉన్నది; అదియే వచ్చి కూర్చున్నది. మేము చదువుచున్నది ఒక పుస్తకము. అక్కడ పారాయణము జరుగుచున్నది మరియొక పుస్తకము. కూర్పు సంఖ్య మార్చుటకు పట్టినది కొద్ది నిమిషములు.

ఆనాటి నుండి, పరాయి ప్రాజెక్టులో అడుగిడిన వెంటనే మాకు మేము వేసికొను ప్రశ్న ఒకటి: మనము చదువుచున్నదియు, అక్కడ నడచుచున్నదియు ఒకటేనా?

ఇది మా చిన్న అనుభవము. ఇదే ప్రశ్న లోకమునంతటిని తాకిన సందర్భము ఒకటి 2024వ సంవత్సరమున వచ్చినది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు మీద పనిచేయువాడు. తన యంత్రములో వేరొక పరీక్ష చేయుచుండగా, ఎస్.ఎస్.హెచ్. ద్వారా లోనికి ప్రవేశించుటకు సుమారు అర సెకను ఆలస్యమగుచున్నట్లు ఆయన కనిపెట్టెను. ఎస్.ఎస్.హెచ్. అనునది దూరముననున్న కంప్యూటరులోనికి భద్రముగా ప్రవేశించు తలుపు. లోకములోని సర్వరులలో చాల భాగము ఆ తలుపు గుండనే నడచుచున్నవి. అర సెకనే కదాయని ఆయన విడిచిపెట్టలేదు. ఆ కాలమంతయు ఎక్కడ ఖర్చగుచున్నదో వెదకెను. అది ఎల్.జెడ్.ఎం.ఏ. అను లైబ్రరీలో తేలినది.

ఆ లైబ్రరీ ఎక్స్‌జెడ్ అను ప్రాజెక్టులోనిది. ఫైళ్ళను కుదించి చిన్నవి చేయుట దాని పని. తలుపు కాచువానికి మూటలు కుదించువానితో పనియేమి? ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. మూలపాఠము ఎంత చదివినను ఈ పేరు కానరాదు. కొన్ని లినక్సు పంపిణీలవారు, సర్వరు లేచినదని సిస్టమ్‌డీ అను వ్యవస్థకు తెలుపు నిమిత్తము తమ వైపునుండి ఒక చిన్న మార్పు చేర్చినారు. సిస్టమ్‌డీ లైబ్రరీ ఎల్.జెడ్.ఎం.ఏ. మీద అప్పుడు ఆధారపడియుండెను. ఇట్లు రెండు ప్రహరీలు దాటి ఆ వస్తువు ఈ తలుపు చెంతకు వచ్చి చేరినది.

ఆయన ఇంకను వెదకగా తేలిన సంగతి మిక్కిలి విస్మయము గొలుపునట్టిది. ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 కూర్పులలో ఎవరో దొంగదారి ఒకటి ఉంచినారు. రహస్యపు తాళపుచెవి గలవారు ఆ తలుపు తెరచుకొని లోనికి పోగలరు. కాని ఆ ప్రాజెక్టు మూలపాఠమును బహిరంగమైన దాని భండారములో చదివినచో, ఆ దొంగదారిని కట్టు ఆజ్ఞలు ఎక్కడను కానరావు. చెడిన ఫైళ్ళను పరీక్షించుటకని ఉంచిన నమూనాలలో యంత్రరూపపు ముక్కను దాచినారు. దానిని బయటికి తీసి అతికించు ఆజ్ఞను మాత్రము, విడుదల సమయమున పంచిపెట్టు మూటలోనే చేర్చినారు. భండారములో ఆ ఆజ్ఞ లేదు. కచేరీలోని రిజిస్టరు ఒకటి. మన చేతికిచ్చిన నకలు మరియొకటి. రెండింటి మీదను కూర్పు సంఖ్య ఒక్కటే.

ఈ పని చేసినవారు మారుపేరుతో రెండేండ్లకు పైగా ఆ ప్రాజెక్టునకు సాయపడుచు, నమ్మకము సంపాదించి, విడుదల చేయు అధికారము పొందినారు. అంతవరకు దానిని జీతము బత్తెము లేక ఒక్క వ్యక్తి పోషించుచుండెను. 2024 మార్చి 29వ తేదీన ఫ్రాయిండ్ ఈ సంగతిని వెల్లడించగానే, ఆ కూర్పులను తీసికొన్న పంపిణీలవారు వెనుకకు తగ్గిరి. వానిలో చాల భాగము అప్పటికి ఇంకను పరీక్షలోనున్న పంపిణీలే. మరి కొన్ని నెలలు ఎవరును గమనింపకున్నచో, ఆ మూట స్థిరమైన పంపిణీలలో చేరి అసంఖ్యాకములగు సర్వరులకు పోయియుండెడిది.

కావున దారి వెదకుట కేవలము తొందరగా పని ముగించుకొనుటకు చేయు కిటుకు కాదు. లెక్క సరిపోవుట, ఇల్లు భద్రముగా ఉండుట దానిపై ఆధారపడియున్నవి. 2021 డిసెంబరులో లాగ్‌ఫర్‌జే అను జావా లైబ్రరీలో పెద్ద లోపము బయటపడినప్పుడు, "అది మా దగ్గర ఉన్నదా?" అను ప్రశ్నకు అనేక కార్యాలయములవారు వెంటనే జవాబు చెప్పలేకపోయిరి. తాము పిలిచిన చుట్టముల పేరులు తెలియును గాని, వారి వెంట వచ్చినవారి పేరులు తెలియవు.

ఈ వృత్తిలోనున్న యువకులకు మేము నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్పుదుము. ఇంటిలోని పెద్దలును వినవచ్చును. వీనిలో తెలియరానిది ఏమియు లేదు.

మొదటిది: తెచ్చుకొన్న ప్రతి లైబ్రరీ పేరు, కూర్పు సంఖ్య, దాని వ్రేలిముద్ర వ్రాసి ఉంచుకొనుడు. వ్రేలిముద్ర యన ఫైలునంతటిని లెక్కించి తీసిన సంఖ్య. షా-256 అను పద్ధతిలో అది 64 అక్షరముల పొడవుండును. ఫైలులో ఒక్క అక్షరము మారినను వ్రేలిముద్ర మారును. లాక్‌ఫైలు అను పేర ఈ పట్టికను వ్రాసియుంచు సాధనములు కలవు.

రెండవది: మూలపాఠము జతపరచునప్పుడు, నడచుచున్న కూర్పునకు చెందినదానినే జతపరచుడు. కొత్తది దొరకినదికదా యని దానిని జతపరచవలదు. డీబగ్గరు ఖాళీ పంక్తి మీదనో, వ్యాఖ్య మీదనో ఆగినచో, యంత్రము తడబడినదని అనుకొనవలదు. అది మీకు నిజము చెప్పుచున్నది.

మూడవది: రెండు ప్రాజెక్టులను ప్రక్కప్రక్కన తెరచుకొని దిద్దుట మంచిదే. కాని దిద్దుట ముగిసిన తరువాత రెండవదానిని మూసివేసి, ఇతరులకు అందబోవు మూటతోనే మరల పరీక్షింపుడు. మీ తెర మీద గోడ లేదు. వారి ఇంట ఉన్నది.

నాలుగవది: మూలపాఠమునకును మూటకును నడుమనున్న దూరము తగ్గించు ప్రయత్నములను ఆదరింపుడు. ఒకే మూలపాఠమును ఎవరు, ఎక్కడ కట్టినను, అక్షరమైనను తేడా లేని మూట రావలెనను ఉద్యమము 2013లో డెబియన్ వారిలో మొదలైనది. దీనినే పునరుత్పాదక నిర్మాణము అనవచ్చును. అది జరిగినచో ఇద్దరు ముగ్గురు వేరువేరుగా కట్టి పోల్చి చూచుకొనవచ్చును. నకలునకు సాక్షులు దొరకినట్లే.

ఇక తలిదండ్రులకు ఒక్క మాట. మీ అబ్బాయియో అమ్మాయియో గంటసేపు చేయి కదపక తెరవంక చూచుచున్నచో, ఊరక కూర్చున్నట్లు తలపవలదు. ఎవరి వ్రాతలోనో ప్రవేశించి, ఆ వ్రాతనుండి మరియొకరి వ్రాతలోనికి పోయి, వచ్చిన దారి మరచిపోకుండ మనస్సులో పట్టుకొని యుండవచ్చును. ఆ సమయమున పిలిచినచో ఆ దారము తెగును. మరల మొదటినుండి పట్టుకొనవలెను. కాఫీ ఇచ్చి ఊరకుండుట మేలు.

పని ముగించి లేచిన పిమ్మట మాత్రము, ఆనాడు ఆ అమ్మాయి మమ్ము అడిగినట్లు అడుగవచ్చును. నీవు చదివినదియు, అక్కడ నడచునదియు ఒకటేనా నాయనా, అని. ఆ ప్రశ్న అడుగుటకు కంప్యూటరు తెలియనక్కరలేదు. లింకు దస్తావేజులు ఒకసారి చదివించుకొన్నవారికెల్లరకు అది తెలిసిన ప్రశ్నయే.